సుల్తాను పొడిగించలేని లాగు

పోయిన వారం ఫిజియోథెరపీ చేసే పిల్ల నన్ను రబ్బరు చాప మీద నిలబెట్టి, ఏమీ పట్టుకోకుండా ఒక మోకాలు మెల్లగా నేలకు ఆనించి, మళ్లీ అంత మెల్లగానూ లేవమంది. సగం దాకా దిగాను. అక్కణ్నుంచి పైకి రాలేక, కిందికి పోలేక ఆ పిల్ల భుజం పట్టుకుని వేలాడాను. "నెవర్ మైండ్ లా ఆంటీ, ఈ వయసులో అందరికీ అంతే" అని ఓదార్చింది. నాకు నవ్వొచ్చింది. అందరికీ అంతే కాదమ్మా, డెబ్బైకి దగ్గరపడిన ఒక మనిషి ఇదే సింగపూర్‌లో, సిమెంటు నేల మీద, రెండొందల మంది చూస్తుండగా మోకాలు ఆనించి లేవడం నా కళ్లతో చూశాను అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. అరగంట అపాయింట్‌మెంట్‌లో ముగిసే సంగతి కాదది. మీకైతే తీరుబడిగా చెప్పొచ్చు.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చోగలిగిన ప్రతివాడికీ ఉద్యోగం దొరికేది. ఇవాళ చేరినవాడు రేపటికి సీనియర్, ఎల్లుండికి మేనేజర్. ఏ పనైనా నిన్నటికే అయిపోయి ఉండాలి. సైన్స్ పార్కులో మా ఆఫీసులో టీం లీడు టర్కీ అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు, మా అందరి తొందర మధ్యలో టీ తాగడానికి ఇరవై నిమిషాలు తీసుకునేవాడు. రంజాన్ పండక్కి పాపం ఒంటరిగా ఉంటాడు కదా అని మా వదిన ఫ్లాటుకు బిర్యానీకి తీసుకెళ్లాను. అతను బిర్యానీ తిన్నాడు, మా మేనకోడల్ని చూశాడు. ఆర్నెల్లు తిరక్కుండానే ఇద్దరూ నా ముందు నిలబడి పెళ్లి చేసుకుంటామన్నారు. కాబట్టి ఇక ముందు జరిగినదానికంతటికీ మొదటి ముద్దాయిని నేనే.

మా మేనకోడలికి తండ్రి లేడు. మా అన్న హనుమకొండ నుంచి షిప్‌యార్డు ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడి, పిల్ల పదిలో ఉండగా గుండెపోటుతో పోయాడు. వదిన ఒంటిచేత్తో పెంచింది. తండ్రి లేని పిల్ల నిఖాకు తండ్రిని కన్న తండ్రి పెద్దగా కూర్చోవాలి, ఆయన సరేనంటేనే నిఖా. అంటే మా అబ్బా. అటు టర్కీలో పిల్లవాడి ఊళ్లో ఇంకో కట్టుబాటు ఉంది. పెళ్లిరోజు పిల్లవాడి తండ్రి అందరికంటే ముందు మైదానంలోకి, అంటే ఆటకు వదిలిన ఖాళీ చోటులోకి, దిగి డోలు దెబ్బకు ఒక్కడే ఆడాలి. తండ్రి ఆడకపోతే కోడల్ని ఒప్పుకోలేదని లెక్క. తండ్రి ఒప్పుకోని పెళ్లి తను చేసుకోనని పిల్లవాడు మొదటే చెప్పేశాడు. రెండు వైపులా ఇద్దరు ముసలివాళ్లు, మధ్యలో మా పిల్ల. ఎవరొక్కరు మొండికేసినా పెళ్లి ఆగిపోతుంది.

ఆ ఆట జెయ్‌బెక్‌ల ఆట. జెయ్‌బెక్‌లంటే ఏమిటో నాకు క్యాంటీన్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర విడతలు విడతలుగా తెలిసింది. టర్కీలో పడమటి సముద్రం వైపు కొండల్లో, సుల్తానుల కాలంలో, అన్యాయం తట్టుకోలేక కొండెక్కిన మగవాళ్ల దండులట. దండు నాయకుణ్ని ఎఫే అంటారు. అతని కింద జెయ్‌బెక్‌లు, వాళ్ల కింద కొత్తగా చేరినవాళ్లు. చేరేవాడు కత్తి మీద ప్రమాణం చేయాలి. ఎఫే మాట దాటకూడదు, పేదవాడి జోలికి పోకూడదు, ఆడవాళ్ల మీద చెయ్యి వేయకూడదు. ఎఫే తప్పు చేస్తే దండే అతణ్ని దించేస్తుంది. పల్లెల్ని పీడించే భూస్వాముల్ని దోచి, ఆ సొమ్ముతో పేదపిల్లల పెళ్లిళ్లు చేసేవారట, వాగుల మీద వంతెనలు కట్టించేవారట. ప్రభుత్వం క్షమాభిక్ష పెడితే కొండ దిగేవారు, మాట తప్పితే మళ్లీ ఎక్కేవారు. దేశం కోసం యుద్ధమొచ్చినప్పుడు మాత్రం ఎవరూ పిలవకుండానే దిగి పోరాడారట. వింటూ వింటూ నా పళ్లెంలో చేపల కూర చల్లారిపోయేది. అంతటి మనుషులు తలకు కట్టుకునే గుడ్డ అంచుల్లో తల్లులు, పెళ్లాలు సూదితో అల్లిన పూల లేసు ఉండేదనీ, ఆ పూలతోనే యుద్ధానికి పోయేవారనీ చెప్పినప్పుడైతే నాకు ఒళ్లు జలదరించింది. అందులో ఉత్త దొంగలూ ఉన్నారని అతనే ఒప్పుకున్నాడు. "మా ఊళ్లో ఎవర్నడిగినా మా తాత ఎఫే అంటారు మేడం, మామూలు జెయ్‌బెక్ మనవడు ఒక్కడూ లేడు" అన్నాడు. మా ఆఫీసులో మామూలు ఇంజనీరు ఒక్కడూ లేనట్టే అన్నాను నేను.

ఇక మా అబ్బా సంగతి. ఆయన ప్రభుత్వ బడుల్లో డ్రిల్లు మాస్టారు. డ్రిల్లు మాస్టారంటే ఆ కాలంలో ఖాకీ నిక్కరు వేసుకోవాలి. మగవాడు బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పుకునే ఉండాలని మా మతంలో నియమం. అబ్బా ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచి ఖాకీ ప్యాంటు వేసుకునే డ్రిల్లు చేయించాడు. ఇన్‌స్పెక్టర్లు మెమోలిచ్చారు. బదిలీ చేశారు. ఏటూరునాగారం అడవిలోకి ఒకసారి, మంథని అవతలికి ఒకసారి. మా అమ్మ మూటలు కట్టీ కట్టీ విసిగి, "ఒక్క జానెడు గుడ్డ కోసం ఎన్ని ఊర్లు తిప్పుతవయ్యా" అనేది. ఆయన మారలేదు. చివరికి ఇన్‌స్పెక్టర్లే విసిగి వదిలేశారు. అబ్బా ఇంట్లో దక్కనీ ఉర్దూ, తెలుగూ కలిపి మాట్లాడేవాడు గానీ కోపమొస్తే మాత్రం శుద్ధ వరంగల్ తెలుగే. ఆ తెలుగు వినబడితే మేం కుక్కిన పేనుల్లా పడి ఉండేవాళ్లం.

పెళ్లి ఆదివారం. హనుమకొండ నుంచి అబ్బా ముందే వచ్చి వదిన ఫ్లాటులో ఉన్నాడు. బుధవారం నాటికి టర్కీ తండ్రి దిగాడు. బక్కపల్చటి మనిషి, తెల్లమీసం, టర్కిష్ తప్ప ఏ భాషా రాదు. ఇమిగ్రేషన్ వాళ్లు ఆపుతారని తాతగారి కత్తిని ఇంట్లోనే వదిలి, కత్తులు దోపుకునే వెడల్పాటి తోలు నడికట్టు మాత్రం తెచ్చుకున్నాడు. దాని అరల్లో కళ్లద్దాల పెట్టె, బీపీ మాత్రలు పెట్టుకుని తిరిగేవాడు. మా ఇస్త్రీపెట్టె మంచిదని ఆటకు వేసుకునే బట్టల్ని కొడుకు మా వదిన ఫ్లాటుకు పంపాడు. నల్లదారంతో కుట్టుపని చేసిన నీలం బనాతు కోటు, పూలలేసు తలగుడ్డ, పిక్కలకు తొడుక్కునే తోలు. వాటితోపాటు ఒక నీలం లాగు. తొడల దాకా ఉంటుంది, మోకాళ్లు బయటే. అబ్బా దాన్ని రెండుచేతులా ఎత్తి పట్టుకుని చూశాడు.

"గిదేందే? ఇదేసుకుని ఆడతడా? నిఖా ఇంట్ల మోకాళ్లు సూపెడ్తడా?" అన్నాడు. నేను ఆచారమన్నాను, తాతల కాలం నాటిదన్నాను. ఆయన వినలేదు. "ఆచారమైతే నాకేంది. గిట్లైతే నేను కూసోను. జానెడు గుడ్డేసి కుట్టు. ఆయనకు చెప్పకు, మనసు నొచ్చుకుంటడు" అన్నాడు. ఆ చివరి మాట నాకు చాలా నచ్చింది. పిల్లవాణ్ని అడుగుదామంటే అతను ఆఫీసులో కొత్త ప్రోగ్రాం రిలీజు పని మీద మునిగి ఉన్నాడు. మాదంతా అతుకుల వృత్తి, ప్రోగ్రాంలో తప్పు దొరికితే కిందినుంచి చిన్న అతుకు వేసి పైకి కనపడకుండా పంపేస్తాం. అలాగే ఇదీ అనుకున్నాను. సెరంగూన్ రోడ్డులో బట్టల కొట్లన్నీ తిరిగి అచ్చం అదే నీలం గుడ్డ తెచ్చి, వదిన కుట్టుమిషను మీద ఎంత శుభ్రంగా కుట్టానంటే, ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియలేదు. గర్వపడ్డాను కూడా.

శనివారం పొద్దున పిల్లవాడు ఫోన్ చేశాడు. తండ్రి బట్టలు వేసుకుని చూసుకున్నాడట. ఒక్క మాట అనలేదట. విప్పి, మడతపెట్టి, పెట్టెలో సర్దుకుంటున్నాడట. ఇస్తాంబుల్ విమానం ఎప్పుడుందో కనుక్కోమన్నాడట. పక్కనే ఉన్న మేనకోడలికి చెప్పక తప్పలేదు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అరచేతుల నిండా మెహందీ ఆరబెట్టుకుంటూ నన్నే చూసింది. "ఫుప్పూ, దాదా కూర్చోకపోతే నిఖా లేదు. బాబా వెళ్లిపోతే పెళ్లి లేదు. ఐ వాంట్ బోత్ ఆఫ్ దెమ్ లా" అంది. దాదా అంటే తాత, టర్కీ వాళ్లకు బాబా అంటే తండ్రి, మేనత్తను మేం ఫుప్పూ అంటాం. ఆ పిలుపులో ఆ రోజున్నంత బరువు నాకు మళ్లీ ఎప్పుడూ తగల్లేదు.

టాక్సీలో పిల్లవాడి ఇంటికి వెళ్లాను. పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు, పక్కన పెట్టె. నేనే కుట్టానని చెప్పి తలవంచుకుని నిలబడ్డాను. కొడుకు తర్జుమా చేశాడు. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే భయంగా ఉంది. హుకుం ఎవరిదని అడిగాడు. మా నాన్నదన్నాను. ఆయన మీసం కింద ఏదో కదిలింది. కొడుకు కాస్త తడబడుతూ చెప్పాడు: "ఆ గవర్నరు ఎప్పుడో చచ్చిపోయాడనుకున్నానే అంటున్నాడు."

అప్పుడు తెలిసింది నేను ఏ పుండు మీద సూది పెట్టానో. ఒకప్పుడు సుల్తాను తరఫు గవర్నరు, జెయ్‌బెక్‌లు తలపాగా మార్చాలనీ, లాగులు కిందికి పొడిగించాలనీ హుకుం జారీ చేశాడట. ఆ బట్టలతో ఉంటే వాళ్లు ఎవరికీ లొంగరని ఆయన లెక్క. జెయ్‌బెక్‌లు తిరగబడ్డారు. సైన్యం వచ్చింది, కొండల్లో పోరాటం జరిగింది, మనుషులు చచ్చిపోయారు. లాగు పొడవు మాత్రం మారలేదు. పెద్దాయన అదంతా పొరుగింటి గొడవ చెప్పినట్టు చెప్పి, చివర్న తన మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. ఆటలో ఇది నేలను తాకాలి, ఎఫే మోకాలు మట్టికి తప్ప దేనికీ వంగదు, మధ్యలో గుడ్డ అడ్డమొస్తే ఇంక అది ఎవరి మోకాలు అన్నాడు. నేను రోజూ చీరో సల్వారో ఏది చేతికొస్తే అది కట్టుకుపోయే మనిషిని. ఒక కొలత కోసం మనుషులు ప్రాణాలిచ్చిన గుడ్డ మీద మిషను నడిపాను.

లాగు అడిగి తీసుకుని తిన్నగా అబ్బా దగ్గరికి వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పాను. గవర్నరు మాట దగ్గర ఆయన తస్బీ పూసలు తిప్పే వేళ్లు ఆగాయి.

"లాగు కోసమా?"

"లాగు కోసమే."

"ఎంతమంది సచ్చిన్రట?"

"లెక్క ఆయనా చెప్పలేదు అబ్బా. చాలామంది."

ఆయన కళ్లద్దాలు తీశాడు. ఏటూరునాగారం గుర్తొచ్చిందో, మూటలు కట్టిన మా అమ్మ గుర్తొచ్చిందో నేను అడగలేదు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "బ్లేడు పట్టుకరా" అన్నాడు. నేను విప్పుతానంటే ఇవ్వలేదు. "హుకుం నాది, నేనే ఇప్పాలె" అని చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా చక్కటి కుట్టును ఒక్కొక్క పోగే తెంపడం మొదలుపెట్టాడు. పాత గుడ్డకు గీత పడకుండా మొత్తం విప్పడానికి మధ్యాహ్నం జొహర్ నమాజు నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా పట్టింది. లేచి నడుం నిమురుకుంటూ తన షరతు చెప్పాడు. "నిఖా కాడ మాత్రం నిండుగ ఏసుకోమను. అది అల్లా ముంగట. తర్వాత కింద ఆయనిష్టం. నేను మొఖం అటు తిప్పుకుంట." ఆ షరతు ఫోన్లో చెబితే పెద్దాయన ఆశ్చర్యపోయాడట. ప్రార్థనకెప్పుడూ నిండు ప్యాంటే వేసుకుంటాను, నన్నెవరైనా అడిగారా అన్నాడట. నిజమే. బుధవారం నుంచి అందరం ఆయన మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం గానీ ఆయన్ని ఒక్క ముక్క అడిగినవాళ్లు లేరు.

ఆదివారం పొద్దున ఫ్లాటులో నిఖా అయింది. అబ్బా పెద్దగా కూర్చుని సరేనన్నాడు. తర్వాత అందరం బ్లాకు కిందికి దిగాం. ఇక్కడి ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే చోటును వాయిడ్ డెక్ అంటారు, పెళ్లికైనా చావుకైనా అదే. సిమెంటు నేల, గాలి బాగా వస్తుంది. ఓ పక్క బిర్యానీ డేగిశాలు. మా అన్న మీద అభిమానంతో, ఆయన పాత షిప్‌యార్డులో పనిచేసే కరీంనగర్ వాళ్లు ఓ పదిహేను మంది, క్రాంజీ డార్మిటరీ నుంచి రెండు బస్సులు మారి, ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. ఆఫీసు నుంచి తెచ్చిన స్పీకర్లలో సన్నాయి లాంటిది మొదలైంది. పిల్లవాడి స్నేహితుడొకడు పెద్ద డోలు మెడకు తగిలించుకుని, దెబ్బకూ దెబ్బకూ మధ్య మనం ఊపిరి తీసి వదిలేంత వ్యవధి ఇస్తూ కొట్టసాగాడు. స్తంభం చాటు నుంచి ఆయన వచ్చాడు.

బీపీ మాత్రల మనిషి కాదు. తలచుట్టూ పూలు, నీలం కోటు, ఖాళీ తోలు నడికట్టు, పాత కొలత లాగు, బయటికి రెండు ఎముకల మోకాళ్లు. ముందు ఆడలేదు, ఊరికే నడిచాడు. తన పొలం గట్లు చూసుకునే రైతులా మైదానమంతా ఒక చుట్టు తిరిగాడు. తర్వాత రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేచాయి. ఒక కాలు లేచింది, గాల్లో ఆగింది. దెబ్బ పడ్డాకే దిగింది, మళ్లీ రెండోది లేచింది. ఇంత నెమ్మదిగా కూడా ఆడతారా అనుకున్నాను. మా అమ్మాయిల ముచ్చట్లు వాటంతటవే ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే కరీంనగర్ వాళ్లలో ఐదారుగురు, డోలు దెబ్బ వింటే కాలు నిలవనివాళ్లు, పెద్దాయనకు తోడు ఎవరూ లేరే పాపం అనుకున్నారో ఏమో, వేళ్లు నోట్లో పెట్టుకుని ఈలలేస్తూ తీన్మార్ స్టెప్పులతో మైదానంలోకి దూకారు. మన పెళ్లిళ్లలో అది మర్యాద. ఒక్కణ్ని ఆడనిస్తే అవమానం. అక్కడి కొండల్లో మాత్రం ఎఫే ఆడుతుండగా కాలు పెట్టినవాడు కత్తికి సమాధానం చెప్పాలని పిల్లవాడు నాకు ఎప్పుడో చెప్పాడు. అతని ముఖం పాలిపోయింది. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. పరుగెత్తి ఆపుదామంటే నేనూ మైదానంలోకి పోవాలి కదా. కొంప మునిగిందనుకున్నాను.

"సావధాన్."

అరుపు కాదు. ముప్పై ఏళ్లు ఆరొందల మంది పిల్లల్ని మైకు లేకుండా నిలబెట్టిన గొంతు. కరీంనగర్లో ఏ బడిలో ఏ మాస్టారు నేర్పాడో గానీ ఆ తమ్ముళ్ల మడమలు ఒక్కసారే టప్పుమని కలిశాయి. చేతులు తొడలకు అంటుకుపోయాయి. నిజం చెప్పొద్దూ, డోలు ఆగింది, గరిటె పట్టుకున్న మా వదిన కూడా నిటారుగా నిలబడింది. "పీఛే ముడ్" అన్నాడు అబ్బా. వెనక్కి తిరిగి, వరసగా, ఎడమ కుడి తప్పకుండా నడుచుకుంటూ బయటికొచ్చేశారు.

అప్పుడు పెద్దాయన వైపు చూశాను. ఈ గొడవంతా జరిగినంతసేపూ ఆయన ఎత్తిన కాలు దించలేదు. పక్కకు చూడలేదు. రెండు చేతులూ భుజాల ఎత్తునే ఉన్నాయి. డోలు మళ్లీ మోగాక, దెబ్బ మీద ఆ కాలు దించాడు. ఇంకో రెండడుగులు వేసి, ఒళ్లంతా మెల్లగా కిందికి దించాడు, కుడి మోకాలు సిమెంటును తాకింది. ఆ చిన్న చప్పుడు చివరి వరసలో ఉన్న నాకు వినబడింది. ఏ ఆసరా లేకుండా, చేతులు దించకుండా, ఎంత మెల్లగా దిగాడో అంత మెల్లగా లేచాడు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఎందుకొచ్చాయంటే చెప్పలేను. రాజులు ఉత్తర్వులిచ్చి, సైన్యాన్ని పంపి కూడా వంచలేనిదేదో నా కళ్లముందు తనంతట తాను వంగి లేచింది. మొఖం అటు తిప్పుకుంటానన్న మా అబ్బా మైదానం అంచున సావధాన్‌లో నిలబడి, రెప్ప వేయకుండా ఆ మోకాలి వైపే చూస్తున్నాడు.

ఆట ముగిశాక పెద్దాయన తిన్నగా అబ్బా ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మైదానం వైపు చెయ్యి చాపాడు. రమ్మని. ఒక ఎఫే ఇంకొకరిని అలా పిలవడం ఎంత అరుదో పిల్లవాడు మాకు చెప్పాడు. అబ్బా తల అడ్డంగా ఊపాడు. "నేను మోకాళ్లు సూపియ్యనని చెప్పు" అన్నాడు. తర్జుమా విని పెద్దాయన పకపకా నవ్వాడు. వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పళ్లెం దగ్గర కూర్చుని, ఉర్దూలోనూ టర్కిష్‌లోనూ ఉన్న దునియా, సబర్, ఇన్సాన్ లాంటి పాతిక ముప్పై మాటలతోనే సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడాదికల్లా ఐటీ ఊపు చల్లబడింది. మా ఆఫీసు మూతపడింది, సీనియర్లందరం మళ్లీ మామూలు ఇంజనీర్లమయ్యాం. పిల్లలిద్దరూ టర్కీకి, ఇజ్మీర్ వెళ్లిపోయారు. అబ్బా హనుమకొండలో, పెద్దాయన తన కొండ మీద, రెండేళ్ల తేడాలో పోయారు. పెళ్లి వీడియో నా దగ్గరుంది. అందులో చూస్తే ఆ ఆట మొత్తం, సావధాన్‌తో సహా, నాలుగు నిమిషాలు కూడా లేదు. నేను గంటసేపనుకున్నాను. ఆ రెండు మూడేళ్లూ నిన్నటికే అయిపోవాలని పరుగెత్తి పరుగెత్తి చేసిన పనుల్లో ఒక్కటీ గుర్తులేదు, అవన్నీ నా వయసులో కలిసిపోయాయి. ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఎందులోనూ కలవలేదు, నేను ఇన్నేళ్లు దాటొచ్చాను గానీ వాటిని దాటి రాలేదు.